మనం లేకపోయినా ఈ లంచం జరిగేదా?

1977లో చికాగోలోని వెల్స్ స్ట్రీట్‌లో ఒక పాత బార్ చేతులు మారింది. కొన్నవాళ్లు దానికి 'మిరాజ్' అని పేరు పెట్టారు. మిరాజ్ అంటే ఎండమావి. గుట్టంతా బోర్డు మీదే రాసి పెట్టారు గానీ ఎవరికీ తట్టలేదు. ఓనర్లుగా, కౌంటర్ వెనక గ్లాసులు అందించేవాళ్లుగా తిరిగినవాళ్లు నిజానికి 'చికాగో సన్-టైమ్స్' పత్రిక రిపోర్టర్లు, 'బెటర్ గవర్నమెంట్ అసోసియేషన్' అనే పౌర సంస్థ మనుషులు. ఒక పక్క గోడ మీద గాలి జాలీ లాంటిది అమర్చి, దాని వెనక ఫొటోగ్రాఫర్లు నక్కి కూర్చున్నారు.

ఫైర్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, ఆరోగ్య శాఖ మనిషి వచ్చాడు. కారుతున్న కుళాయిలు, బయటికి వేలాడుతున్న కరెంటు తీగలు వాళ్ల కళ్లెదుటే ఉన్నాయి. కవరు జేబులోకి వెళ్లాక అవేవీ కనిపించలేదు. ఒక్కోసారి ఆ కవరులో ఉన్నది 10 డాలర్లే. లోపల కూర్చునే జనం ప్రాణాలతో ముడిపడ్డ సంతకం అంత చవగ్గా దొరికింది.

ఆ కథలో నాకు ఇన్‌స్పెక్టర్ల కంటే ఆసక్తిగా అనిపించే మనిషి ఒక అకౌంటెంట్. ఏ ఇన్‌స్పెక్టర్‌కి కవరు ఎలా అందించాలి, ఎంత పెట్టాలి, అమ్మకాలు తక్కువ చూపించి పన్ను ఎలా ఎగ్గొట్టాలి అన్నవి ఈ కొత్త 'ఓనర్ల'కి నేర్పింది అతనే. అదేదో ఘోరమైన రహస్యం చెబుతున్నట్టు కూడా కాదు, కొత్తగా వ్యాపారంలోకి వచ్చినవాళ్లకి పెద్దవాడు దారి చూపినట్టు చెప్పాడు. కవరు పుచ్చుకున్నవాడు ఒక్క మనిషి. ఆ అకౌంటెంట్ నోట్లో ఉన్నది మాత్రం ఊరంతటి రేట్ల పట్టిక.

1978 జనవరి నుంచి ఈ కథనాలు 25 భాగాలుగా వచ్చాయి. కేసులు పడ్డాయి, ఉద్యోగాలు పోయాయి. నగదు వ్యాపారాల్లో పన్ను ఎగవేతని తవ్వడానికి ఇల్లినాయ్ రెవెన్యూ శాఖ ఏకంగా 'మిరాజ్ ఆడిట్ యూనిట్' పెట్టింది. ఇంత చేసినా అమెరికా జర్నలిజంలో పెద్ద గౌరవమైన పులిట్జర్ బహుమతి మాత్రం రాలేదు. బహుమతి బోర్డులోని పెద్ద ఎడిటర్లు అడ్డుపడ్డారు. మనం అబద్ధమాడి నిజం రాబడితే, ఇంకొకడు అబద్ధమాడాడని వేలెత్తి చూపే హక్కు మనకెక్కడిది అన్నది వాళ్ల వాదన. అడ్డుపడ్డవాళ్లలో, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పదవి పోవడానికి దారితీసిన వాటర్‌గేట్ కథనాల రోజుల్లో 'వాషింగ్టన్ పోస్ట్'ని నడిపిన బెన్ బ్రాడ్లీ ఒకరు. చేతగానివాళ్లు అసూయతో అన్న మాట అని కొట్టిపారేయడానికి లేదు.

ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. తెగకపోవడానికి కారణం, 'అండర్‌కవర్' అన్న ఒక్క మాట కింద రెండు మూడు వేరు వేరు పనుల్ని కలిపేసి మాట్లాడటం. వాటిని విడదీయాలంటే ప్రతి స్టింగ్‌నీ ఒక ప్రశ్న అడగాలి: రిపోర్టర్ అక్కడ లేకపోయినా ఈ తప్పు జరిగేదా?

వేషం మార్చి లోపల కూర్చుని చూడటం ఒక రకం. 1887లో నెల్లీ బ్లై పిచ్చిదానిలా నటించి న్యూయార్క్‌లోని బ్లాక్‌వెల్స్ ఐలండ్ మానసిక రోగుల ఆసుపత్రిలో పది రోజులు గడిపింది. 1980లలో జర్మన్ రిపోర్టర్ గుంటర్ వాల్‌రాఫ్ 'అలీ' అనే టర్కీ కూలీగా మారి, వలస కార్మికుల చేత ఎలాంటి పనులు ఎంత అన్యాయంగా చేయిస్తారో బయటపెట్టాడు. వీళ్లు ఎవరికీ ఆశ చూపలేదు. వాళ్లు లోపలికి వెళ్లకపోయినా ఆ ఆసుపత్రి అలాగే ఉండేది, ఆ ఫ్యాక్టరీ అలాగే నడిచేది. అబద్ధం గుమ్మం దాటడానికే పనికొచ్చింది. లోపల చూసిందంతా నిజం.

అయినా ఆ గుమ్మం దగ్గరి అబద్ధానికి కూడా కోర్టులో లెక్క చెప్పాల్సి రావచ్చు. అమెరికాలో ఏబీసీ చానెల్ రిపోర్టర్లు తప్పుడు వివరాలతో ఫుడ్ లయన్ సూపర్‌మార్కెట్లలో ఉద్యోగాల్లో చేరి, పాత మాంసాన్ని మళ్లీ ప్యాక్ చేసి అమ్ముతున్నారని 1992లో కథనం వేశారు. కంపెనీ పరువు నష్టం దావా వేయలేదు. మోసం చేసి ఉద్యోగంలో చేరారు, అక్రమంగా లోపలికి చొరబడ్డారు అని వేసింది. జ్యూరీ 55 లక్షల డాలర్లు కట్టమంది. జడ్జి దాన్ని బాగా తగ్గించాడు. 1999లో అప్పీలు కోర్టు దగ్గరికి వచ్చేసరికి చివరికి మిగిలింది రెండు డాలర్లు. చొరబడినందుకు ఒకటి, జీతమిచ్చిన కంపెనీకి విధేయంగా లేనందుకు ఒకటి. తప్పు తప్పే, కానీ దాని ఖరీదు రెండు డాలర్లని చెప్పిన ఆ తీర్పు మీద ఇప్పటికీ నవ్వాలో మెచ్చుకోవాలో నాకు తెలియదు.

రెండో రకం ఎర వేయడం. ఇక్కడే అసలు చిక్కు.

2005 డిసెంబరు 12న కోబ్రాపోస్ట్ అనే వార్తా వెబ్‌సైట్, ఆజ్ తక్ చానెల్ కలిసి 'ఆపరేషన్ దుర్యోధన' ప్రసారం చేశాయి. చిన్న పరిశ్రమల సంఘం ఒకటి ఉన్నట్టు సృష్టించి, దాని తరఫున పార్లమెంటులో ప్రశ్నలు అడగడానికి ఎంపీలకి డబ్బులిచ్చారు. 15 వేలకి ఒకరు, లక్షా 10 వేలకి ఒకరు. రాసిచ్చిన ప్రశ్నల్లో ఒకటి జర్మనీ 'యొసారియన్' డీజిల్ ఇంజన్ కొనుగోలు గురించి. అలాంటి ఇంజనే లేదు. యొసారియన్ ఒక అమెరికన్ నవలలో పాత్ర పేరు. తాము అడగబోయే ప్రశ్నని ఎంపీలు ఒక్కసారి చదివినా అనుమానం వచ్చేదేమో! ప్రసారమైన పదకొండు రోజులకి 11 మంది ఎంపీల్ని పార్లమెంటు బహిష్కరించింది. 2007 జనవరిలో సుప్రీంకోర్టు ఆ బహిష్కరణని సమర్థించింది. క్రిమినల్ కేసు మాత్రం అభియోగాల నమోదు దశకి చేరడానికే 2017 దాకా పట్టింది.

ఇప్పుడు ఆ ప్రశ్న అడిగి చూడండి. రిపోర్టర్లు లేకపోతే ఈ ఫలానా లంచం జరిగేది కాదు. ఆ సంఘం లేదు, ఆ ఇంజన్ లేదు, ఆ అవసరమూ లేదు. కానీ ముక్కూమొహం తెలియని మనుషులు ఒక దళారీని పట్టుకుని ఎంపీ దగ్గరికి చేరగలిగారు, బేరం కుదిరింది. దళారీలు, రేటు, అలవాటు అంతకుముందే ఉండాలి. అంటే నేరం కొత్తది, దారి పాతది. స్టింగ్ విలువంతా ఆ పాత దారిని ఎంత చూపించగలిగింది అన్న దాంట్లోనే ఉంది.

దీన్ని మనకి బాగా తెలిసిన ఏసీబీ వలతో పోల్చి చూస్తే ఇంకా తేటపడుతుంది. లంచం తీసుకుంటూ పట్టుబడ్డ అధికారి ఫొటోలో బల్ల మీద ఎప్పుడూ గులాబీ రంగు నీళ్లు కనిపిస్తాయి. దాని వెనక పెద్ద తతంగం ఉంటుంది. ముందు ఎవరో బాధితుడు వచ్చి, ఫలానా పనికి ఇంత అడుగుతున్నారని ఫిర్యాదు చేస్తాడు. నోట్ల నంబర్లు రాసుకుంటారు. వాటికి ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. కేసుతో సంబంధం లేని మధ్యవర్తుల్ని సాక్షులుగా కూర్చోబెడతారు. అధికారి నోట్లు అందుకున్నాక అతని వేళ్లని సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే రంగు మారుతుంది. ఇంత చేసినా రంగు మారడం ఒక్కటే చాలదు. లంచం అడిగాడన్నదీ, తీసుకున్నాడన్నదీ రెండూ రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మరోసారి స్పష్టం చేసింది.

స్టింగ్‌లో ఈ ఏర్పాట్లేవీ ఉండవు. ఫిర్యాదుదారు రిపోర్టరే. లంచం ఇచ్చేదీ రిపోర్టరే. సాక్షీ అతనే, వీడియో దాచుకునేదీ అతనే, దానికి మ్యూజిక్ కలిపి రాత్రి తొమ్మిదింటికి తీర్పు చెప్పేదీ అతనే. ఇన్ని వేషాలు ఒక్క మనిషి వేసినప్పుడు అనుమానించడం న్యాయమే.

మరి లంచం ఇచ్చిన రిపోర్టర్ నేరం చేసినట్టా, కాదా? మన కోర్టులు దీని మీద రెండు వైపులా మాట్లాడాయి. దుర్యోధన స్టింగ్ చేసిన రిపోర్టర్ల మీదే ఢిల్లీ పోలీసులు నేరానికి ప్రోత్సహించారని కేసు పెట్టారు. 2010లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. అవినీతిని బయటపెట్టడం పౌరుడి బాధ్యతల్లోకే వస్తుందని, రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెప్పే ప్రాథమిక విధులతో ముడిపెట్టి మరీ చెప్పింది. కానీ 2014లో ఇంకో కేసులో సుప్రీంకోర్టు అంత ఉదారంగా లేదు. 2003లో కేంద్ర మంత్రి దిలీప్ సింగ్ జూదేవ్ డబ్బు తీసుకుంటున్న వీడియో బయటికి వచ్చింది. దాని వెనక జర్నలిజం కాదు, ఎన్నికల ముందు రాజకీయ లబ్ధి ఉందని సీబీఐ ఆరోపణ. ఆ వీడియో తీయించారన్నవాళ్లు తమ మీది కేసు కొట్టేయమంటే కోర్టు ఒప్పుకోలేదు. స్టింగ్ అన్న పేరు పెట్టినంత మాత్రాన నేరం మాఫీ కాదని, ఉద్దేశం ఏమిటన్నది విచారణలో తేలాలని చెప్పింది.

ఈలోగా చట్టమే మారింది. 2018 సవరణతో అవినీతి నిరోధక చట్టం లంచం ఇచ్చేవాణ్ణి కూడా నేరుగా నేరస్తుణ్ణి చేసింది. శిక్ష ఏడేళ్ల దాకా. బలవంతం మీద ఇచ్చినవాడు వారం లోపల పోలీసులకి చెప్పాలి. ముందే దర్యాప్తు సంస్థకి చెప్పి, వాళ్లకి సాయం చేయడానికి ఇస్తే నేరం కాదు. రిపోర్టర్ల కోసం అందులో విడిగా ఒక్క వాక్యం కూడా లేదు. పోలీసుల మీదే కథనం చేస్తున్న రిపోర్టర్ ముందుగా పోలీసులకి ఎలా చెప్పుకుంటాడన్నది చట్టం రాసినవాళ్లకి తోచినట్టు లేదు. తోచి ఊరుకున్నారేమో కూడా!

చట్టం సంగతి అలా ఉంచి, స్టింగ్ చూసేటప్పుడు దాదాపు ఎవరూ అడగని లెక్క ఒకటుంది. ఎంతమంది దగ్గరికి వెళ్లారు? ఎంతమంది కాదన్నారు? పదిమంది డబ్బు తీసుకున్న వీడియో చూపించి 'వ్యవస్థ కుళ్లిపోయింది' అంటే, వాళ్లు కలిసింది పన్నెండు మందినా, రెండొందల మందినా అన్నది తెలియాలి. 2018లో కోబ్రాపోస్ట్ మీడియా సంస్థల మీదే స్టింగ్ చేసింది. డబ్బిస్తే ఒక పార్టీకి లాభించే మతపరమైన ప్రచారం నడుపుతారా అని అడిగితే చాలా సంస్థల మనుషులు సరేనన్నట్టు చూపించింది. ఆ సంస్థలు చాలావరకు ఆరోపణల్ని ఖండించాయి. అందులో నాకు గుర్తుండిపోయింది వేరే. పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చే 'బర్తమాన్', త్రిపుర నుంచి వచ్చే 'దైనిక్ సంబాద్', ఈ రెండు బెంగాలీ పత్రికలు కుదరదన్నాయి. ఆ సంగతిని కోబ్రాపోస్టే చెప్పింది. కాదన్నవాళ్ల పేర్లు కూడా చెప్పే స్టింగ్‌ని నేను కాస్త ఎక్కువ నమ్ముతాను.

సాక్ష్యం బలంగా ఉండటమంటే ఏమిటో చూడాలంటే క్రికెట్ దగ్గరికి వెళ్లాలి. 2010 ఆగస్టులో లార్డ్స్‌లో పాకిస్తాన్, ఇంగ్లండ్ టెస్టు. 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' రిపోర్టర్ మజర్ మహమూద్ బెట్టింగ్ సిండికేట్ మనిషిగా నటించి, ఆటగాళ్ల ఏజెంట్ ముందు నోట్ల కట్టలు పెట్టాడు. మొత్తం లక్షా 50 వేల పౌండ్లు. ఎప్పుడు ఏ బౌలర్ నో బాల్ వేస్తాడో ఏజెంట్ ముందే చెప్పాడు. మైదానంలో సరిగ్గా అలాగే పడ్డాయి. మాట ముందు రికార్డయింది, పని తరవాత ప్రపంచమంతా చూస్తుండగా జరిగింది. వీడియో ఎడిట్ చేశారు, సందర్భం నుంచి తెంపేశారు అని అనడానికి సందే లేదు. 2011 నవంబరులో పాకిస్తాన్ ఆటగాళ్లు సల్మాన్ బట్, ఆసిఫ్, ఆమిర్‌తో పాటు ఏజెంట్‌కి కూడా జైలు శిక్ష పడింది.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ అదే మహమూద్ 2016లో తనే జైలుకెళ్లాడు. ఒక గాయని మీద చేసిన డ్రగ్స్ స్టింగ్ కేసులో, ఆమెకి అనుకూలంగా ఉన్న వాంగ్మూలాన్ని తన డ్రైవర్ చేత మార్పించాడని తేలి 15 నెలల శిక్ష పడింది. పేరున్న రిపోర్టరే ఇలా చేస్తే, అతని పాత స్టింగ్‌లన్నిటి మీదా నీడ పడుతుంది. పైగా ఆ పత్రిక కూడా అప్పటికే లేదు. ఫోన్లు హ్యాక్ చేయించిన కుంభకోణంలో 2011లో మూతపడింది. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్న సామెత రిపోర్టర్లకీ వర్తిస్తుందన్నమాట.

మన దగ్గర ఇంతకంటే ఘోరం జరిగింది. 2007లో ఢిల్లీలో ఒక స్కూలు టీచర్ అమ్మాయిల్ని వ్యభిచారంలోకి దింపుతోందని ఒక చానెల్ స్టింగ్ వేసింది. జనం స్కూలు మీదికి వచ్చి ఆమెని కొట్టారు, బట్టలు చించారు. చివరికి తేలిందేమిటంటే, వీడియోలో 'విద్యార్థిని' అసలు విద్యార్థినే కాదు, కథంతా అల్లిందే. రిపోర్టర్ అరెస్టయ్యాడు, చానెల్ ప్రసారాల్ని ప్రభుత్వం నెల రోజులు ఆపించింది. వీడియో వచ్చింది కాబట్టి నిజమే అనుకునే అలవాటు మనకి అప్పటికి ఇంకా కొత్త. ఇప్పుడు గొంతుని, మొహాన్ని కూడా కంప్యూటర్ పుట్టించగలిగే రోజుల్లో ఆ అలవాటు ఇంకా ప్రమాదం.

అల్లకపోయినా, అతిగా చెప్పినా మునుగుతారు. 2001లో తెహెల్కా అనే వార్తా వెబ్‌సైట్ చేసిన 'ఆపరేషన్ వెస్ట్ ఎండ్' దేశాన్ని కుదిపింది. లేని కంపెనీ పేరుతో సైన్యానికి థర్మల్ కెమెరాలు అమ్ముతామని తిరిగారు. లక్ష రూపాయలు తీసుకుంటూ కనిపించిన అప్పటి బీజేపీ అధ్యక్షుడు బంగారు లక్ష్మణ్ పదవి వదిలారు. 2012లో కోర్టు ఆయనకి నాలుగేళ్ల శిక్ష వేసింది. అదే ఆపరేషన్‌లో ఒక మేజర్ జనరల్ లంచం అడిగినట్టు కథనంలో చెప్పారు. తాను అడగనూ లేదు, తీసుకోనూ లేదని ఆయన ఇరవై ఏళ్లు పోరాడారు. 2023లో ఢిల్లీ హైకోర్టు ఆయనకి రెండు కోట్లు పరిహారం ఇవ్వమంది. ఒకే ఆపరేషన్‌లో ఒక వీడియో శిక్ష దాకా నిలబడింది, ఇంకో వీడియో చుట్టూ చెప్పిన మాటలు నిలబడలేదు. అందుకే ఎడిట్ చేయని మూల రికార్డింగ్ ఎక్కడుంది అన్నది కోర్టు అడిగే మొదటి ప్రశ్న. కొత్త భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం దానికి సర్టిఫికెట్, ఫైలు మారలేదని చూపే హాష్ విలువ కూడా జతచేయాలి.

ఇంతకీ వ్యవస్థ సంగతి. అవినీతి ఎక్కడ పెరుగుతుందో చెప్పడానికి ఆర్థికవేత్త రాబర్ట్ క్లిట్‌గార్డ్ ఒక సూత్రం చెప్పాడు: గుత్తాధిపత్యం, దానికి తోడు విచక్షణాధికారం, అందులోంచి జవాబుదారీతనం తీసేస్తే మిగిలేదే అవినీతి. సంతకం పెట్టేది ఒక్కడే, పెట్టాలా వద్దా అన్నది అతని ఇష్టం, అడిగేవాడు లేడు. రహస్య కెమెరా ఈ మూడింటిలో దేన్నీ మార్చలేదు. అది చూపించేది సంతకం పెట్టిన చెయ్యిని. పైగా వ్యవస్థ ముదిరిన చోట ఆ చెయ్యి అధికారిది కూడా కాదు. తీసుకునేది ప్రైవేటు అసిస్టెంటో, బయట జిరాక్స్ షాపు దగ్గర కూర్చున్న ఏజెంటో. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు వాటాలు పైదాకా పోతాయి, కెమెరా మాత్రం కింది మెట్టు దగ్గరే ఆగిపోతుంది. మిరాజ్ రిపోర్టర్లు గెలిచింది ఇన్‌స్పెక్టర్‌ని ఫొటో తీసినందుకు కాదు. నెలల తరబడి బార్ నడిపి, ఒకే తప్పు వేరే వేరే శాఖల్లో ఒకే పద్ధతిలో జరుగుతోందని చూపించారు, అకౌంటెంట్ దాకా వెళ్లారు.

ఘనాలో అనస్ అరెమెయా అనస్ అనే రిపోర్టర్ కూడా ఆ దారిలోనే వెళ్లాడు. రెండేళ్ల పాటు కోర్టుల చుట్టూ తిరిగి, తీర్పుల కోసం డబ్బు, మేకలు తీసుకుంటున్న జడ్జీల్ని రికార్డు చేశాడు. 2015 సెప్టెంబరులో అది బయటికి వచ్చేసరికి 34 మంది న్యాయాధికారుల పేర్లున్నాయి. వాళ్లలో 12 మంది హైకోర్టు జడ్జీలు. వీడియో ప్రదర్శించి ఊరుకోలేదు, జడ్జీల్ని తొలగించమని పద్ధతి ప్రకారం పిటిషన్ వేశాడు. ఆ ఏడాది డిసెంబరుకల్లా కింది కోర్టుల వాళ్లు 20 మంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 2018లో అతని బృందమే ఘనా ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు క్వెసి న్యంటాక్యి 65 వేల డాలర్లు తీసుకోవడం రికార్డు చేసింది. ఫిఫా అతణ్ణి జీవితకాలం నిషేధించింది, 2020లో క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు దాన్ని 15 ఏళ్లకి తగ్గించింది.

బయట కనిపించేటప్పుడు అనస్ టోపీకి వేలాడే పూసల దండలతో మొహం కప్పుకుంటాడు. అతని బృందంలో ఫుట్‌బాల్ స్టింగ్‌లో పనిచేసిన అహ్మద్ హుసేన్ సువాలేకి అలాంటి తెర లేదు. స్టింగ్ వచ్చాక ఒక ఎంపీ టీవీలో అతని ఫొటో చూపించాడు. కనిపిస్తే కొట్టండి, డబ్బు నేనిస్తానన్నాడు. 2019 జనవరి 16 రాత్రి ఘనా రాజధాని అక్రాలో సువాలే కారులో ఇంటికి వెళుతుంటే, మోటార్‌సైకిల్ మీద వచ్చినవాళ్లు దగ్గర నుంచి కాల్చి చంపారు.